పక్కింటి జవాబు

మూడోసారి తలుపు తట్టాక కెలేరా రేకు గోడకు చెవి ఆనించింది. లోపల చప్పుడు లేదు. గొడుగు చంకలో ఇరికించుకుని, ఫారం మొదటి పేజీలోని చిన్న గడిలో పెన్సిలుతో రాసింది: బుధవారం, పదకొండూ పది, ఎవరూ లేరు. దాని పై రెండు గళ్ళలోనూ అదే మాట. సోమవారం పదిన్నర, ఎవరూ లేరు. మంగళవారం రెండు, ఎవరూ లేరు.

"ఈ వేళప్పుడు అక్కడెవరుంటారే తల్లీ," అంది పక్కింటి మెట్ల మీద కూర్చున్న మెలనియా. డెబ్బై దాటిన మనిషి. ఒళ్ళో సగం అల్లిన మొగలి ఆకుల చాప. వునితిరి బస్తీ అంతా ఆవిణ్ణి బూబు అంటుంది, అవ్వా అన్నట్టు. "ఇటొచ్చి కూర్చో. తరైవిని ఇంటి సంగతి నాకు తెలీనిదేముంది. అడుగు, నేను చెప్తా."

"మీ సంగతి నిన్ననే రాసుకున్నాను కదా బూబు."

"దానిదీ నాదీ ఒకటే బురద, ఒకటే కుళాయి. తేడా ఏముంటుంది?"

కెలేరా నవ్వి, మెట్టు మీద కూలబడి చెప్పులకంటిన మడ బురద పుల్లతో గీకసాగింది. సందు చివర కుళాయి ధారగా పడుతోంది. ఇద్దరు ముసలాళ్ళూ ఒక బాలింతా బకెట్లు వరసలో పెట్టుకుని కబుర్లాడుతున్నారు. ఎవరికీ తొందర లేదు. బూబు పెరట్లో రెండు నీలం పీపాలు అంచుదాకా నిండి ఉన్నాయి. నిన్న ఈవిడ ఫారంలో "నీళ్ళకు ఇబ్బంది లేదు" అన్న గడిలో టిక్కు పెట్టింది కెలేరానే. అది అబద్ధమేమీ కాదు.

తలెత్తి తరైవిని పెరటి వైపు చూసింది. చూరు కింద నాలుగు పెయింటు డబ్బాలు, ఒక చిన్నపిల్లల స్నానపు తొట్టి, ఒక వంటగిన్నె వరసగా పెట్టి ఉన్నాయి. చూరు నుంచి రాలే వాన నీళ్ళ కోసం. కుళాయి ముప్ఫై అడుగుల దూరంలో ఉంది.

"ఈ కుళాయి ఎప్పటిదాకా వస్తుంది బూబు?"

"తొమ్మిదింటికి మొదలు. మూడింటికి కట్. మాకు చాలు."

కెలేరా పుల్ల పక్కన పడేసింది. తనకు ఆఫీసువాళ్ళు పెట్టిన వేళలూ అవే, తొమ్మిది నుంచి నాలుగు. నీళ్ళూ తనూ ఒకే వేళకు బస్తీలోకి వస్తున్నారు. నీళ్ళు ఎవరికి అందుతున్నాయో వాళ్ళనే తను వెళ్ళి అడుగుతోంది, నీళ్ళు అందుతున్నాయా అని.

లిస్టులో ఇరవై నాలుగు ఇళ్ళు. పద్నాలుగు రాసింది. మిగతా పది ఇళ్ళకు తాళం.

లెక్కల ఆఫీసులో అవినేశ్ టేబుల్ మీద పదకొండు కట్టలు రబ్బరు బ్యాండ్లతో బిగించి ఉన్నాయి. సూపర్‌వైజర్ అయి ఏడాది కూడా కాలేదు. ముప్ఫై ఏళ్ళుండవు. రోటీలో బంగాళాదుంప కూర చుట్టుకుని ఒక చేత్తో తింటూ, రెండో చేత్తో కెలేరా ఫారాలు తిరగేశాడు.

"ఇరవై నాలుగుకి పద్నాలుగు. అక్కా, మిగతా పదకొండు బ్లాకులూ నూటికి నూరు. నీదొక్కటే నా పరువు తీసేలా ఉంది."

"నూటికి నూరా? సువా పట్నం మొత్తంలో ఒక్క ఇంటికి కూడా తాళం లేదా?"

"ఉంటే ఉండొచ్చు. పక్కిల్లు ఉంది కదా." తినడం ఆపి గొంతు తగ్గించాడు. "మూడుసార్లు వెళ్ళావు, గళ్ళు నింపావు. ఇంక పక్కింటిది రాసెయ్. శుక్రవారం సాయంత్రానికి కట్ట ఇచ్చెయ్. అందరూ చేసేదే."

అందరూ చేసేదేనని కెలేరాకు ఒకరు చెప్పాలా. రెండేళ్ళ కిందట ఇవే ఇరవై నాలుగు ఇళ్ళు. అప్పటి సూపర్‌వైజరూ ఇదే మాటన్నాడు. అప్పుడామె తొమ్మిది ఇళ్ళకు పక్కిళ్ళ జవాబులు రాసి, ఇంటి నెంబరు మాత్రం తాళం వేసిన ఇంటిదే వేసింది. కట్ట నూటికి నూరు వచ్చింది. శభాష్ అన్నారు.

"మంగళవారం దాకా టైమివ్వు," అంది.

"ఇచ్చి ఏం చెయ్యను? నువ్వెళ్ళినా వాళ్ళుండరు."

"నేను వెళ్ళే వేళకు ఉండరు. వాళ్ళుండే వేళకు వెళ్తాను."

"ఆఫీసు టైము తర్వాత బండి ఇవ్వరు. ఓవర్‌టైము లేదు. వానలో ఆ బురదలో జారి కాలు విరిగితే రాసుకోడానికి నాకో ఫారం కూడా లేదు."

"బస్సులో వెళ్తాను. కాలు నాది."

అవినేశ్ చేతులు తుడుచుకుని కట్టల వంక చూశాడు. "ఎందుకక్కా ఇంత పట్టు? పది ఇళ్ళు. లెక్కలో ఏం మారుతుంది?"

"ఆ పద్నాలుగు మందిలాంటి వాళ్ళే ఆ పది మందీ అయితే ఏమీ మారదు. కాకపోతే?" ఫారాలు సర్దుకుంటూ అంది. "కాదో అవునో కూర్చున్నచోట తెలీదుగా."

"మంగళవారం పొద్దున్న తొమ్మిది. పైనుంచి మిసెస్ ఫోంగ్ వస్తున్నారు. తొమ్మిదీ ఐదుకి తెస్తే నాకొద్దు."

గురువారం తెల్లవారకుండానే, నాలుగూ ముప్పావుకి, కెలేరా వునితిరి సందు మొదట్లో నిలబడింది. చేపల ఫ్యాక్టరీ లారీ అక్కడే ఆగుతుందని బూబు చెప్పింది. ఒక్కొక్కరే బురద మీద పరిచిన చెక్కల మీంచి వస్తున్నారు, తెల్ల గమ్‌బూట్లు చేతుల్లో పట్టుకుని. వాళ్ళలో ప్రతి ఒక్కరి చేతిలోనూ ఖాళీ ప్లాస్టిక్ సీసాల సంచీ ఒకటుంది. అది కెలేరా ముందు గమనించలేదు. ఐదోమనిషి సంచీ లారీ అంచుకు తగిలి టకటకలాడితే అప్పుడు చూసింది.

"తరైవిని ఎవరమ్మా?"

"నేనే. ఏం చేశాను?" అంది పొడుగాటి మనిషి. వెనకున్నవాళ్ళు నవ్వారు.

"ఏం చెయ్యలేదు. మూడుసార్లు మీ తలుపు తట్టాను. లెక్కల ఆఫీసు."

"తలుపు ఏం చెప్పింది?" అంది ఇంకొకామె లారీ పైనుంచి.

"ఎవరూ లేరంది. అందుకే తలుపుని నమ్మక ఇలా వచ్చాను." కెలేరా కాగితం తీసింది. "ఇక్కడ అడగను, పదిమందిలో అడిగేవి కావు. ఏ వేళకు రమ్మంటారో అది చెప్పండి చాలు."

వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఏ వేళకు రమ్మంటారని అడిగినవాళ్ళు ఎవరూ లేనట్టుంది. లారీ హారన్ కొట్టేలోపు నాలుగిళ్ళు వేళ చెప్పాయి. ఇవాళ ఏడింటికి. రేపు ఏడున్నరకి. ఆదివారం చర్చి అయ్యాక, ఇద్దరు.

ఏడింటికి తరైవిని ఇంట్లో కర్రపెండలం ఉడుకుతోంది. పిల్లలిద్దరూ చాప మీద బోర్లా పడుకుని హోంవర్కు చేసుకుంటున్నారు. తరైవిని ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన సీసాలు గుమ్మం దగ్గర వరసగా పెట్టింది. అన్నీ నిండుగా ఉన్నాయి. ఒక్కొక్కటి మూత బిగించి చూసి, రెండింటిని పక్కకు తీసింది.

"అవి?"

"పొద్దున్న మొహాలకి. మిగతావి తాగడానికీ వంటకీ." చేతులు కడుక్కోడానికి గిన్నెలో రెండు గుక్కల నీళ్ళు పోసుకుంది. "అడగండక్కా. పిల్లలు నిద్రపోయేలోపే."

కెలేరా ప్రశ్న ఉన్నదున్నట్టు చదివింది. "గత వారం రోజుల్లో మీ ఇంటికి నీళ్ళు రోజూ వచ్చాయా?"

"వస్తాయని చెప్తారు. నేనైతే చూళ్ళేదు."

గళ్ళు రెండే ఉన్నాయి, అవును, కాదు. కెలేరా "కాదు" మీద టిక్కు పెట్టి, అంచున ఖాళీలో తరైవిని మాటలు కూడా రాసింది.

"బూబు ఒక బకెట్ పట్టి పెడుతుంది," అంది తరైవిని. "ముసలి ప్రాణం, ఎంతని మోస్తుంది. ఆదివారం మాత్రం మేం ఇంట్లోనే ఉంటాం కదా, ఆ రోజు పీపా నింపుకుంటాం. బుధవారానికి వాసనొస్తుంది. చిన్నదానికి పోయిన నెలలో మూడుసార్లు విరేచనాలు."

ఆ ప్రశ్న నాలుగో పేజీలో ఉంది. కెలేరా అక్కడికి తిప్పి రాసింది. పక్కింట్లో బూబు రేడియోకి గొంతు కలిపి కీర్తన పాడుతోంది. ఆవిడ నాలుగో పేజీలో అన్నీ సున్నాలే. మనవలు లేరు.

శుక్రవారం ఏడున్నరకి రెండో ఇల్లు. శనివారం, చీకటి పడకముందైతే దొరుకుతాడని బూబు చెప్పిన బిసున్ దత్ నాలుగున్నరకి తలుపు తీశాడు, కళ్ళు నులుముకుంటూ. గోదాము దగ్గర నైట్ వాచ్‌మన్. కెలేరా మూడుసార్లు "ఎవరూ లేరు" అని రాసిన మనిషి మూడుసార్లూ లోపలే ఉన్నాడు.

"విన్నాను మీ టకటకలు," అన్నాడు టీ కాస్తూ. "పదకొండింటికి వచ్చి కొట్టారు. నాకది అర్ధరాత్రి. మీ ఇంటికి అర్ధరాత్రి వచ్చి నీళ్ళున్నాయా అనడిగితే లేస్తారా?"

"లేవను. తిడతాను."

"నేను తిట్టాను కూడా. మీకు వినబడలేదు."

నిమ్మాకు టీ ఆమె చేతికిచ్చి, తనూ కూర్చున్నాడు. నీళ్ళు వచ్చే వేళకు నిద్ర మానుకుని వారంలో రెండు రోజులు పట్టుకుంటాడట. మిగతా రోజులు గోదాము కుళాయి. కెలేరా ముందరి గళ్ళలోని "ఎవరూ లేరు" మీద ఒక గీత గీసి, "ఉన్నారు, నిద్ర" అని దిద్దింది.

ఆదివారం నాలుగిళ్ళు అయ్యాయి. చర్చి తెల్లబట్టల్లోనే కూర్చుని జవాబులు చెప్పారు. ఒకరింట్లో కొబ్బరిపాలు పోసిన చేమాకు కూర పెట్టి, తినేదాకా ఫారం ముట్టనివ్వలేదు. సోమవారం సాయంత్రం బేకరీలో పనిచేసే దంపతులు దొరికారు. ఇలా తర్వాత దొరికిన ఎనిమిది ఇళ్ళలో ఇబ్బంది లేదన్నది ఆమె ఒక్కతే. బేకరీ నుంచి రెండు డ్రమ్ములు తెచ్చుకుంటారు. అదీ ఉన్నదున్నట్టు రాసింది కెలేరా. తను అనుకున్నది తేలాలని కాదుగా తిరుగుతున్నది. తొమ్మిదో ఇంటి తలుపుకు మేకులు కొట్టి ఉన్నాయి. నాలుగు నెలల కిందటే అవతలి దీవిలోని లంబాసాకి వెళ్ళిపోయారని ఇద్దరు వేర్వేరుగా చెప్పారు. ఖాళీ ఇల్లు అని రాసింది.

పదోది ఇసోవా ఇల్లు. బూబుకి రెండో పక్క. రేవులో బరువులు దింపే మనిషి. గేటు దగ్గర గోధుమరంగు కుక్క ఒకటి గొంతు చించుకుంటోంది. ఇసోవా దాన్ని ఊరుకోమనలేదు, గేటూ తియ్యలేదు.

"చెప్పను," అన్నాడు.

"ఎందుకో అడగొచ్చా?"

"పోయినేడు నా కూతురికి జ్వరం, వాంతులు. నీళ్ళ ఆఫీసుకెళ్ళి, కుళాయి వేళ మార్చండయ్యా అని అడిగాను. వాళ్ళో కాగితం తీసి చూపించారు. వునితిరిలో నూటికి తొంభై ఆరు ఇళ్ళకు రోజూ నీళ్ళున్నాయిట. ఇంటింటికీ తిరిగి మిమ్మల్నే అడిగి రాశాం అన్నారు. నన్నెవరు అడిగారు? ఎన్నిసార్లొచ్చినా మీరెళ్ళేది పక్కింటికే. ఇప్పుడూ అక్కడికే వెళ్ళండి. ముసలమ్మ నవ్వుతూ చెప్తుంది."

తొంభై ఆరు అంటే ఇరవై నాలుగుకి ఇరవై మూడు. ఆ లెక్క కెలేరాకు నోటికొచ్చు. కుక్క అరుపు మధ్య ఫారం మీద "నిరాకరించారు" అని రాసి, వేళ వేసింది.

ఆ రాత్రి ఇంట్లో కట్ట సర్దుతుంటే భర్త ఎరోని పక్కన కూర్చుని ఫారాలకు పేజీ మూలలు సరిచేశాడు. వడ్రంగి వేళ్ళు. ఇసోవా సంగతి విన్నాక తలెత్తి అడిగాడు.

"పోయినసారిది చెప్తావా?"

"అడిగితే."

"అడక్కపోతే?"

కెలేరా రబ్బరు బ్యాండు రెండు చుట్లు తిప్పి బిగించింది. "అడక్కపోతే చూద్దాం."

మంగళవారం తొమ్మిదింటికి మిసెస్ ఫోంగ్ కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకుని రెండు కాగితాలు పక్కపక్కన పరిచింది. బక్కపలచటి మనిషి, గొంతు పెంచదు.

"వునితిరి. పోయిన విడత ఇరవై నాలుగుకి ఇరవై నాలుగు. ఇబ్బంది ఉన్నది ఒక్క ఇంటికి. ఈ విడత ఇరవై రెండే. ఇబ్బంది ఎనిమిది ఇళ్ళకి. కుళాయి అదే, పైపు అదే. ఇంత తేడా ఎందుకొచ్చింది?"

అవినేశ్ సర్దుకుని కూర్చున్నాడు. రాత్రి కూర్చుని గీసిన ఒక చిన్న పట్టిక ముందుకు తోశాడు. కెలేరాకది తెలీదు. "ఎన్నోసారికి దొరికారో దాన్నిబట్టి విడదీశాను మేడమ్. మొదటి రెండు మూడుసార్లకే దొరికిన పద్నాలుగు ఇళ్ళలో ఒక్కరికే ఇబ్బంది. ఆ తర్వాత దొరికిన ఎనిమిదిలో ఏడుగురికి. మూడుసార్లతో ఆపేసి ఉంటే ఈసారీ పాత లెక్కే వచ్చేది."

"మంచి పని. కానీ పాతదాంట్లో అందరూ దొరికారు. ఒక్కరూ తప్పిపోలేదు. అప్పుడు వీళ్ళంతా ఇబ్బంది లేదన్నారు కదా." మిసెస్ ఫోంగ్ వేలు పాత కాగితం మీద ఆగింది. "నిండుగా ఉన్న లెక్కని పక్కనపెట్టి, ఇద్దరు తక్కువైన లెక్కని నమ్మమంటే పైవాళ్ళకు నేనేం చెప్పను? ఇది తేలేదాకా వునితిరి ఫలితం ఆపుదాం."

ఆపుదాం అంటే కుళాయి వేళ మారదని. నీళ్ళ ఆఫీసులో ఆ పాత కాగితమే ఉంటుందని. కెలేరా బల్ల అంచు పట్టుకుంది.

"ఆ విడత అందరూ దొరకలేదు మేడమ్. తొమ్మిది ఇళ్ళకు తాళం. పక్కిళ్ళవాళ్ళను అడిగి, వీళ్ళ నెంబర్ల మీద రాశారు."

"ఎవరు చెప్పారు మీకు?"

"రాసింది నేనే."

మిసెస్ ఫోంగ్ కళ్ళద్దాలు తీసింది. "దీనికి మనకో రూలుంది. మీకు తెలుసు."

"తెలుసు. కానీ ఆ నిండు లెక్క తప్పు. ఈ తక్కువ లెక్క నిజం. ఇందులో దొరకనివాళ్ళు దొరకలేదనే రాసి ఉంది." పక్కనున్న కట్టల వైపు చెయ్యి చూపించింది. "నాదొక్కటే కాదు. నూటికి నూరు వచ్చిన ప్రతి కట్టా విప్పి చూడండి. ఏ వేళకు వెళ్ళారో మొదటి పేజీలో ఉంటుంది. పదీ పదకొండు గంటలకే అందరూ దొరికారంటే, ఎవరు దొరికారో అడగండి."

మిసెస్ ఫోంగ్ టేబుల్ మీది పదకొండు కట్టల వంక చూసింది. తర్వాత అవినేశ్ వంక చూసింది.

అవినేశ్ చెవులు ఎర్రబడ్డాయి. "ఈసారి మిగతా బ్లాకులవాళ్ళందరికీ పక్కింటిది రాసెయ్యమన్నది నేను," అన్నాడు. "అక్కకి కూడా చెప్పాను. అక్క వినలేదు."

గురువారానికి సంగతి తేలింది. పదకొండు కట్టల్లో తొమ్మిదింటిని వెనక్కి పంపారు, సాయంత్రాలూ ఆదివారాలూ తిరిగి రమ్మని. వునితిరి కొత్త లెక్క నిలిచింది. పాతదాన్ని రద్దు చేసి, నీళ్ళ ఆఫీసుకు ఉత్తరం వెళ్ళింది. అవినేశ్‌కి హెచ్చరిక కాగితం. రూలు ప్రకారం కెలేరా ఏడాదిపాటు ఫీల్డుకి వెళ్ళకూడదు. సంతకం పెట్టించుకుంటూ మిసెస్ ఫోంగ్, నిరాకరించిన ఇళ్ళకు వేరే మనిషిని ఇంకొక్కసారి పంపుతామని చెప్పింది. "ఎలా వెళ్ళాలో కొత్తవాళ్ళకు ఓ కాగితం మీద రాసిచ్చి వెళ్ళండి," అని కూడా అంది, తలెత్తకుండా.

ఆ సాయంత్రం కెలేరా బ్యాగు లేకుండా వునితిరి బస్సెక్కింది. ఇసోవా గేటు దగ్గర కుక్క మళ్ళీ మొదలెట్టింది. అతను చేతిలో సుత్తితో బయటికొచ్చాడు, పెరట్లో ఏదో కడుతున్నట్టున్నాడు.

"చెప్పనన్నానుగా."

"అడగడానికి రాలేదు. చెప్పడానికొచ్చాను." గేటుకి ఇవతలే నిలబడింది. "రెండేళ్ళ కిందట మీ ఇంటి నెంబరు మీద బూబు జవాబు రాసింది నేను. నీళ్ళ ఆఫీసులో మీకు చూపించిన కాగితంలో నా రాత ఉంది. అది తప్పని ఆఫీసులో చెప్పాను. ఆ లెక్క కొట్టేశారు."

ఇసోవా ఆమెను ఎగాదిగా చూశాడు. కుక్కని కాలితో వెనక్కి నెట్టాడు. "ఉద్యోగం ఉందా?"

"ఈ ఏడాదికి లేదు."

అతను సుత్తి పిడిని బొటనవేలితో రుద్దాడు. లోపల ఆడపిల్ల ఎవరో పాఠం గట్టిగా చదువుతోంది.

"సరే, అయితే రాసుకో."

"నేను రాయకూడదు. వేరే అమ్మాయి వస్తుంది. చెప్పాలో వద్దో అప్పుడు మీ ఇష్టం." ఒక క్షణం ఆగి అడిగింది. "ఏ వేళకు రమ్మనను?"

ఇసోవా రేవు వైపు చూశాడు, వారం లెక్కపెట్టుకుంటున్నట్టు.

"ఆదివారం, నాలుగింటికి. ఇంట్లోనే ఉంటా." వెళ్ళబోతూ వెనక్కి తిరిగాడు. "కుక్క అరుస్తుంది గానీ కరవదని ఆ అమ్మాయికి చెప్పు. లేకపోతే భయపడి గేటు దగ్గర్నుంచే వెళ్ళిపోతుంది."